బ్యాడ్జి కంటే ముందు కాగితం చూడు, నాన్నా

చి. నాన్నకి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు జర్మనీలో, కీల్‌లో చదువు మానేసి హిట్లర్ కాలం నాటి పతకాలు కొంటానంటున్నాడు, నువ్వే చెప్పాలి" అని ఏడ్చినంత పని చేసింది. చదువు మానేయలేదని నాకు తెలుసు, సర్దిచెప్పాను. అవి పతకాలు కావే, రెండో యుద్ధంలో జర్మన్ నౌకాదళం వాళ్లకి ఇచ్చిన బ్యాడ్జీలు అని కూడా అన్నాను. వినే స్థితిలో లేదు. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏమిటంటే, మీ పెద్దనాన్న ఉండి ఉంటే ఈ మాటకి ఎగిరి గంతేసేవారు. మన ఇంట్లో ఇంకొకడికి ఆ పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పుకునేవారు.

ఆయన పోయాక ఆ డ్రాయర్లన్నీ ఖాళీ చేసి, ప్రతి కాగితాన్నీ విడివిడిగా కవరులో పెట్టి, కొన్ని అమ్మి, కొన్ని ఉంచింది నేనే. ఆయన కొన్నారు, నేను నేర్చుకున్నాను. కాబట్టి "పెద్దమ్మకేం తెలుసు" అనకుండా చివరిదాకా చదువు.

ముందు నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఈ బ్యాడ్జీల్లో దాదాపు ప్రతిదాని మీదా గద్ద, దాని కాళ్ల కింద నాజీల స్వస్తిక ఉంటాయి. జర్మనీ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద ఆ గుర్తును జనంలో చూపించడం, పంచడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా. కొనుక్కుని ఇంట్లో దాచుకుంటే నేరం కాదు. చరిత్ర, పరిశోధన, బోధన లాంటి పనులకు మినహాయింపు ఉంది. అందుకే అమ్మేవాళ్లు సంతలో ఆ గుర్తు మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు, కేటలాగు ఫొటోల్లో చెరిపేస్తారు. నువ్వేమో పొద్దున లేస్తే వాట్సాప్ స్టేటస్ మార్చే మనిషివి. కొత్తగా కొన్న బ్యాడ్జి ఫొటో తీసి "చూడండి మామా" అని పెట్టావంటే, అది ఎవడి కంట పడుతుందో, ఎవడు ఫిర్యాదు చేస్తాడో తెలియదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడివి. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్ వచ్చే సమయానికి నీ పేరు మీద పోలీసు కేసు ఉంటే ఎవరు తిరుగుతారురా ఆఫీసుల చుట్టూ? మన గడప మీద మనం వేసుకునే స్వస్తిక్ వేరు. ఆ మాట అక్కడ పోలీసుకి చెప్పి బయటపడదామనుకోకు, నీ చేతిలో ఉన్నది గడప కాదు. స్టేటస్‌లు వద్దు, ఇన్‌స్టా వద్దు, రూమ్మేట్స్‌కి చూపించడాలు అసలే వద్దు. నాకు పంపు, చాలు.

సరే, తిట్టడం అయింది.

పెద్దనాన్నకి ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. వాళ్ల తాతగారు నెల్లూరు నుంచి వెళ్లి మద్రాసులో గుమాస్తాగా పనిచేశారు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ ఓడ ఎండెన్ వచ్చి హార్బరు దగ్గర బర్మా ఆయిల్ ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. ఆ మంటలు ఊరంతా చూసింది. తర్వాత కొన్నాళ్లు రైళ్లు పట్టనంతమంది జనం ఊళ్లకి పారిపోయారు, వాళ్లలో ఈయనా ఒకరు. ఆ కథ విని పెరిగిన మనవడు ఇంజనీరింగ్ చదివి, హాంబర్గ్ షిప్‌యార్డులో ఉద్యోగానికి వచ్చాడు. వచ్చినవాడు ఎండెన్ గురించి అడగని మనిషి లేడు. దాని కెప్టెన్ కార్ల్ ఫన్ ముల్లర్, ఆ నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే ఆస్ట్రేలియా యుద్ధనౌక చేతిలో దాని కథ ముగియడం, ఇవన్నీ నాకు పెళ్లైన కొత్తలోనే కంఠతా వచ్చాయి. ఎండెన్ వస్తువులు ఆయన జేబుకి అందలేదు. అలా రెండో యుద్ధం నాటి వాటి దగ్గరికి వచ్చి ఆగారు.

కొనే ముందు చేయాల్సినవి చకచకా చెప్పేస్తాను. మొదటి డబ్బు పుస్తకాల మీద పెట్టు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాముల్లో తూచే చిన్న కాటా, యూవీ టార్చి కొనుక్కో. రసీదు లేకుండా కొనకు. వేలంలో నీ హద్దు ముందే కాగితం మీద రాసుకో. బ్యాడ్జీని ఎట్టి పరిస్థితుల్లోనూ తోమకు. ఇది నవ్వడానికి చెప్పటం లేదు. మన వాళ్లే ఒకావిడ, పాపం మంచి మనసుతోనే, మా ఇంట్లో ఒక బ్యాడ్జీని ఇత్తడి చెంబు అనుకుని చింతపండు పెట్టి రుద్దేసింది. తొంభై శాతం బంగారు పూత సింకులో పోయింది.

దేంతో మొదలుపెట్టాలి? నువ్వు సినిమాలు చూసి యు-బోట్, అంటే జర్మన్ జలాంతర్గామి వాళ్ల బ్యాడ్జి అంటున్నావు. అందరూ అదే అంటారు, అందుకే నకిలీలు కూడా అందులోనే ఎక్కువ. మైన్‌స్వీపర్ల బ్యాడ్జితో మొదలుపెట్టు. 1940 ఆగస్టు 31న పెట్టారు దాన్ని, మధ్యలో సముద్రం నుంచి పైకి లేచే నీటి స్తంభం ఉంటుంది. మందుపాతరలు ఏరేవాళ్లకి, జలాంతర్గాముల్ని వేటాడేవాళ్లకి, కాన్వాయ్‌లకి కాపలా కాసేవాళ్లకి ఇచ్చారు. రోజూ చావుతో పనిచేసి ఎవరి నోటా పేరు పడని మనుషులు వాళ్లు. ధర కూడా నీలాంటి స్టూడెంట్‌కి అందుతుంది. తీర ఫిరంగి దళం వాళ్ల బ్యాడ్జి కూడా అంతే. వైకింగ్ పడవ భూగోళం మీద నిలబడ్డట్టు ఉండే సహాయక క్రూయిజర్ల బ్యాడ్జి నిజంగా అందమైనది, కానీ ఇప్పుడే దాని జోలికి పోకు. నీ జీతం వచ్చాక చూద్దాం.

లోహం సంగతి. యుద్ధం మొదట్లో వీటిని తోంబాక్‌తో చేశారు, రాగి ఎక్కువ, జింకు తక్కువ ఉండే మిశ్రమం. చేతిలో బరువు తెలుస్తుంది, పూత నిలుస్తుంది. రాగి కరువైపోయాక జింకుతో కొట్టారు. జింకు బ్యాడ్జి తేలిక, పూత బుడగలు లేచి రాలిపోయి బూడిద రంగు బయటపడుతుంది. వెనకాల తయారీదారు పేరో గుర్తో ఉండొచ్చు: బెర్లిన్ ష్వేరిన్, వియన్నా ఫ్రీడ్రిష్ ఒర్త్, ల్యూడెన్‌షైడ్ ఊరి స్టైన్‌హావర్ అండ్ ల్యూక్. పిన్ను అతికిన చోట భూతద్దం పెట్టి చూడు. కొత్త టంకం మెరుస్తుంది, పాత మురికి దాని చుట్టూ తెగిపోయి ఉంటుంది. స్వస్తిక లేని బ్యాడ్జి కనిపిస్తే రెండు సంగతులు గుర్తుపెట్టుకో. 1957లో వచ్చిన చట్టం పాత సైనికుల్ని స్వస్తిక తీసేసిన రూపంలో వీటిని పెట్టుకోనిచ్చింది, ఆ రూపంలో కొత్తగా తయారు చేశారు కూడా. ఇంకొందరు తమ పాత బ్యాడ్జీ మీదే ఆకురాయి పెట్టి అరగదీసుకున్నారు. గద్ద కాళ్ల కింద గీతలు గీతలుగా, చుట్టూ ఉన్న రంగుకి కలవని చిన్న మచ్చ ఉంటుంది. చాలామంది అది పాడైన వస్తువు అంటారు. నాకైతే అలాంటివే ఇష్టం. ఆ మనిషి దాన్ని పారేయలేకపోయాడు, ఉన్నదున్నట్టు పెట్టుకోలేకపోయాడు.

ఇక కాగితం. బ్యాడ్జితో పాటు ఇచ్చే అవార్డు పత్రాన్ని వాళ్లు బెజిట్స్‌త్సొయ్‌గ్నిస్ అంటారు. చిన్న కాగితం. పేరు, హోదా, ఏ బ్యాడ్జి, తేదీ, ఊరు, రౌండు ముద్ర, సంతకం. ఇంతే. బ్యాడ్జి ఎవడిదైనా కావచ్చు, కాగితం మాత్రం ఒక్కడిదే. అందుకే దాన్ని పరీక్ష రాసే పిల్లాడి పేపరు దిద్దినట్టు దిద్దాలి. ముందు తేదీ. యు-బోట్ బ్యాడ్జి 1939 అక్టోబర్ 13న పెట్టారు, స్పీడ్ బోట్లది 1941 మే 30న. అంతకు ముందు తేదీ ఉంటే అక్కడితో ఆపేయ్. తర్వాత దళం పేరు. యుద్ధం మొదట్లో యు-బోట్ ఫ్లోటిల్లాలకి, అంటే పడవల దళాలకి, మొదటి యుద్ధం నాటి కమాండర్ల పేర్లు ఉండేవి, వెడ్డిగన్, జాల్ట్స్‌వెడెల్ అని. నంబర్లు ఆ తర్వాత వచ్చాయి. 9వ ఫ్లోటిల్లా 1941లో బ్రెస్ట్‌లో పుట్టింది. 1940 తేదీ మీద 9వ ఫ్లోటిల్లా ముద్ర ఉందంటే అది ఎవడో ఈ మధ్య తీరిగ్గా కూర్చుని చేసిన పని. ఆ తర్వాత యూవీ టార్చి. కాగితం తెల్లగా కనపడాలని వేసే రసాయనాలు యుద్ధం అయ్యాకే వాడకంలోకి వచ్చాయి, అవి ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. మెరిస్తే వదిలేయ్. మెరవలేదని మాత్రం సంబరపడకు. పాత పుస్తకాల్లో ఖాళీ పేజీలు చింపుకునేవాళ్లున్నారు. అప్పుడు నింపకుండా మిగిలిపోయిన అసలు ఫారాలే దొరుకుతాయి, వాటి మీద ఇప్పుడు టైపు కొట్టేవాళ్లూ ఉన్నారు.

సంతకాల దగ్గర ఇంకా జాగ్రత్త. యు-బోట్ దళాన్ని నడిపిన డోనిట్స్ సంతకం అంటే ధర రెట్టింపు అడుగుతారు. కొన్ని అచ్చు వేసినవి, భూతద్దంలో సిరా ఎక్కడా గూడు కట్టి ఉండదు. ఇంకొకటి. ఆయన నూరెంబర్గ్ యుద్ధ నేరాల కోర్టు వేసిన శిక్ష ముగించుకుని 1956లో బయటికొచ్చాక, 1980లో చనిపోయేదాకా మా హాంబర్గ్ పక్కనే ఔమ్యూలేలో ఉన్నాడు, అడిగినవాళ్లకి సంతకాలు పెట్టి పంపేవాడు. సంతకం అసలుదే కావచ్చు, అది యుద్ధంలో పెట్టిందే అని ఎవరు చెప్పాలి?

ఇప్పుడు నువ్వు కుదురుగా కూర్చుని చదవాల్సింది. మా హాల్లో దక్షిణం గోడ మీద ఒక ఫ్రేము ఉండేది, నీ చిన్నప్పుడు నువ్వొచ్చినప్పుడు చూసే ఉంటావు. పెద్దనాన్న దాన్ని చూసి మురిసిపోయేవారు. అందులో ఉన్న కాగితం 1940 వసంతం నాటిది, ఒక ఇంజన్ రూమ్ కుర్రాడి యు-బోట్ బ్యాడ్జి పత్రం. ఎవరి ఇల్లో ఖాళీ చేస్తుంటే కొన్నారు. తనదీ ఇంజన్ పనే కాబట్టి ఆ కుర్రాడంటే ఎందుకో మమకారం. కాగితం ఒక్కటే దొరికింది, బ్యాడ్జి లేదు. కొన్నాళ్లకి ఇంకో ఊరి సంతలో ఇంకెవరి దగ్గరో ఒక మంచి బ్యాడ్జి కనిపించింది. రెండిటినీ ఒకే ఫ్రేములో పెట్టారు. కాగితం జారకుండా వెనక అట్టకి జిగురుతో అంటించారు. ఏది ఎక్కడ కొన్నారో ఎక్కడా రాయలేదు. "నాకు గుర్తుంటుంది కదా" అన్నారు.

మొదట్లో ఇంటికొచ్చినవాళ్లకి, "కాగితం ఒకచోట, బ్యాడ్జి ఒకచోట దొరికాయి" అని చెప్పేవారు. నేను కాఫీ ట్రే పట్టుకుని పక్కనే నిలబడి వినేదాన్ని. కొన్నేళ్లకి ఆ వాక్యం పొట్టిదైంది. "ఇది ఆ కుర్రాడి కాగితం, ఇది బ్యాడ్జి" అనేవారు. ఇంకొన్నేళ్లకి "ఇది ఆ కుర్రాడి బ్యాడ్జి" అయింది. మీ పెద్దనాన్న అబద్ధం ఆడే మనిషి కాదు, నీకూ తెలుసు. ఆయనే నమ్మేశారు. ఒకసారి నేను, "ఏమండీ, ఇది వేరే సంతలో కొన్నారు కదా" అంటే, కాసేపు ఆలోచించి, "కాదులే, అది వేరేది" అన్నారు. నేను వాదించలేదు.

ఆయన పోయాక ల్యూబెక్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు, వీటిలో తలపండిన మనిషి. ఫ్రేము గోడ మీంచి దింపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. "మీ ఇంట్లో కాటా ఉందా" అన్నాడు. వంటింట్లో పిండి తూచుకునేది ఇచ్చాను. బ్యాడ్జి తేలిపోయింది. రెక్కల అంచున పూత లేచి కింద బూడిద రంగు కనపడుతోంది. జింకు. 1940 వసంతంలో ఇచ్చినవి తోంబాక్‌వి. ఆ కుర్రాడు మొదటిది పోగొట్టుకుని తర్వాత ఇంకోటి తెచ్చుకుని ఉండొచ్చు, అలాంటివి జరిగేవి అని కూడా ఆయనే న్యాయంగా చెప్పాడు. "కానీ అది మనం చెప్పలేం కదా" అన్నాడు. ఇక కాగితం. అన్నేళ్లు ఎండ పడి ఊదా రంగు ముద్ర దాదాపు మాసిపోయింది. ఫ్లోటిల్లా పేరు చదవడానికి లేదు. వెనకవైపు ఏమైనా రాసి ఉందేమో చూద్దామంటే జిగురు. అట్టని ఊడదీస్తే కాగితం పొరలుగా వస్తోంది. కొన్నది అసలు కాగితం, అసలు బ్యాడ్జి. రెండూ మంచివే. ఒక్క చీటీ రాసి పెట్టి ఉంటే రెండూ మంచివిగానే ఉండేవి. ఇప్పుడు కాగితాన్ని చూసి బ్యాడ్జీని, బ్యాడ్జీని చూసి కాగితాన్ని అనుమానిస్తున్నారు.

నాకు డబ్బు పోయిందని బాధ లేదు. ఆ కుర్రాడి ముందు తలెత్తుకోలేకపోయాను. వాడి పేరు పట్టుకుని బెర్లిన్‌కి రాశాను. పాత సైనికుల వివరాలు 2019 నుంచి ఫెడరల్ ఆర్కైవ్ దగ్గరే ఉన్నాయి, నువ్వూ రాయొచ్చు, ఓపిక పట్టాలి. వాడు 1941లో పోయాడు. నువ్వున్న కీల్‌కి ఎదురొడ్డున మోల్టెనోర్ట్‌లో యు-బోట్ స్మారకం ఉంది. కంచు పలకల మీద పడవల వారీగా పేర్లు పోత పోశారు. యు-బోట్ల మీద పనిచేసినవాళ్లు సుమారు 40,000 మంది, తిరిగి రానివాళ్లు సుమారు 30,000. ఆ పలకల ముందు నిలబడితే ఆ లెక్క అర్థమవుతుంది. వాడి పేరు వెతికి పట్టుకున్నాను. నువ్వు ఒక్క బ్యాడ్జి కొనకముందే అక్కడికి వెళ్లి రా. ఫెర్రీ ఉంది, అరపూట పని.

కాబట్టి కొన్న రోజునే ఒక చీటీ రాయి: ఏది, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకి, దేనితో కలిసి వచ్చింది, దేనితో రాలేదు. పెన్సిల్‌తో, వేరే కాగితం మీద. పత్రం మీద రాయకు, అంటించకు, లామినేట్ చేయకు. ఆమ్లం లేని కవరులో పెట్టి చీకట్లో ఉంచు. ఒక కుటుంబం దగ్గర బ్యాడ్జి, పత్రం, జోల్డ్‌బూఖ్ అనే సైనికుడి పుస్తకం, ఫొటోలు కలిసి దొరికితే, డబ్బు చాలక ఒకటి కొని మిగతావి వదిలే పని చేయకు. నాకు ఫోన్ చెయ్, నేను సర్దుతాను. మీ అమ్మకి చెప్పకు.

ఇంకో భయం ఉంది, అది చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంది. ఈ సంతల్లో ఎక్కువమంది మంచివాళ్లే, చరిత్ర పిచ్చోళ్లు, రిటైరైన టీచర్లు. కొందరు మాత్రం ఆ గుర్తు కోసమే వస్తారు. నీలాంటి నల్లని కుర్రాడు పక్కన నిలబడితే వాళ్లకి అదో సర్టిఫికెట్. "చూడు, ఇండియన్లకి కూడా ఇవంటే ఇష్టం" అంటారు. భుజం మీద చెయ్యేసి బీరు ఇప్పిస్తారు. ఆ బీరు తాగకు.

అలాంటి ఒకడు పెద్దనాన్నకి యు-48 మనుషుల కాగితాలు అమ్మజూపాడు. బాగా పేరున్న పడవ, దానికి ధర ఎక్కువ. 1940 సెప్టెంబర్ 17న సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడని ముంచింది అదే. బ్రిటన్ సర్కారు పథకం కింద పిల్లల్ని బాంబుల నుంచి తప్పించి కెనడాకి తీసుకెళ్తున్న ఓడ. ఆ పథకం కింద వెళ్తున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. ఓడ పనివాళ్లలో చాలామంది మన దేశం వాళ్లే, లస్కర్లు. చలి సముద్రంలో పలచటి బట్టలతో పడవల్లో కూర్చుని చచ్చిపోయినవాళ్లు. వాళ్లకెవరూ బ్యాడ్జి ఇవ్వలేదు, కాగితం ఇవ్వలేదు. పెద్దనాన్న ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసి, "అసలువే" అని చెప్పి తిరిగి ఇచ్చేశారు. దారిలో కారులో ఏమీ మాట్లాడలేదు. నువ్వు అలాంటివి కొనకూడదని నేను అనను, ఎవరో ఒకరు దాచాలి. కానీ ఆ కాగితం పెట్టిన కవరులోనే ఆ ఓడ కథ కూడా ఒక పేజీ రాసి పెట్టు.

సరే, అసలు పని. నువ్వు వేలంలో, నార్వేలోని నార్విక్ రేవుకి వెళ్లిన ఏదో డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక వాళ్ల పత్రం మీద కన్నేశావని మీ అమ్మ చెప్పింది, దానికి పేరు కూడా సరిగ్గా పలకడం రాలేదు పాపం. డిస్ట్రాయర్ బ్యాడ్జి పెట్టింది 1940 జూన్ 4న. నార్విక్‌కి వెళ్లిన పది డిస్ట్రాయర్లూ ఏప్రిల్ 13 కల్లా పోయాయి, వాటి దళపతి కమడోర్ బోంటే ఏప్రిల్ 10నే చచ్చిపోయాడు. కాబట్టి ఆ పత్రం మీద బోంటే సంతకం ఉందంటే నువ్వు ఆ పేజీ మూసేసి పడుకోవచ్చు. లేకపోతే ఆదివారం లోపు నాకు ముందువైపు, వెనకవైపు ఫొటోలు పంపు, పగటి వెలుగులో తీసినవి, ముద్ర దగ్గరగా ఒకటి. వచ్చే శనివారం హాంబర్గ్ రా. పెద్దనాన్న పుస్తకాలు రెండు పెట్టెలున్నాయి, నేను మొయ్యలేను, ఖాళీ బ్యాగు తెచ్చుకో. గోంగూర పచ్చడి పెట్టాను. ఎప్పుడొస్తున్నావో రైలు ఎక్కాక కాదు, ముందే చెప్పు.

మీ పెద్దమ్మ